పద్నాలుగు ఎడమ చెప్పులు

రాజధాని అక్రాకి దూరంగా, ఉప్పునీటి మడుగు ఒడ్డున ఉన్న మా అగ్బలేకోపే ఊళ్ళో ఇంగ్లీషు మాట్లాడగలిగే మనిషి దొట్సే సార్ ఒక్కడే. పూర్తి పేరు ఫెర్డినాండ్ దొట్సే. ఆయనకు కూడా ఆ భాషలో మాట్లాడటానికి ఎదుటి మనిషి లేడు. పొద్దున్నే జూనియర్ హైస్కూలు రేకుల షెడ్డులోకి వెళ్ళి, పిల్లల ముందు నిలబడి, ప్రశ్న తనే అడిగి, జవాబు తనే చెప్పి, ఆ జవాబును పిల్లల చేత మూడుసార్లు అరిపించి బయటికొచ్చేవాడు. పందొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి.

నామవాచకం అంటే ఏమిటని అడిగితే మా పిల్లలు పైన రేకులు అదిరేలా చెప్పేవాళ్ళు. సర్వనామం, క్రియ, విశేషణం, అన్నిటికీ నిర్వచనాలు నోటికి వచ్చు. అదే పిల్లవాడికి కడుపులో నొప్పి వస్తే బయటికి పంపమని అడగడం మాత్రం రాదు. క్లాసులో మేం ఇంట్లో మాట్లాడే ఎవే భాష మాట్లాడకూడదు. ఇంగ్లీషులో అడగలేడు. నోరు మూసుకుని ఏడుస్తూ కూర్చునేవాడు. అలా కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా సంత నాలుగు రోజులకోసారి. బడి వారానికి ఐదు రోజులు. ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ కలవవు, సంత రోజున పిల్లలంతా సంతలోనే. ఈ వారం సోమవారం, శుక్రవారం క్లాసు ఖాళీ అయితే, వచ్చే వారం మంగళవారం ఖాళీ. భూతకాలం చెప్పాల్సిన రోజు సంత పడిందంటే ఆ ఏటి పిల్లలకు భూతకాలం లేనట్టే. సంత లేని రోజుల్లో ఉల్లి మళ్ళకు బకెట్లతో నీళ్ళు మోయాలి. తొమ్మిదింటికి బురద కాళ్ళతో వచ్చిన పిల్లలు బల్ల మీద తల పెట్టి నిద్రపోతుంటే సార్ వాళ్ళ మీదుగా గోడకేసి పాఠం చెప్పేవాడు.

మొదట్లో ఆయన ఇలా ఉండేవాడు కాదట. ఇరవై ఆరేళ్ళ వయసులో, ఇస్త్రీ చొక్కాతో, మడుగు దాటి వచ్చాడు. ఎవరి కథ వాళ్ళు రాయండి అనేవాడట. అలా ఏడేళ్ళు గడిచాక అకు అనే పిల్ల, వాళ్ళ నాన్న ఎక్కిన పడవ తిరిగిరాని రోజు గురించి రాసింది. ఒక్క వాక్యంలోనూ క్రియ సరిగ్గా లేదు. కానీ అది చదివి సార్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడని అప్పటివాళ్ళు చెప్తారు. బాగా రాశావమ్మా, పరీక్షలో కూడా ఇలాగే రాయి అన్నాడు. ఆ పిల్ల అలాగే రాసింది. ఇంగ్లీషులో తొమ్మిది వచ్చింది. మాకు ఒకటి అంటే పై మెట్టు, తొమ్మిది అంటే పాతాళం. అదే ఏడు పక్క ఊరి కుర్రాడొకడు గైడులో ఉన్న ఉత్తరాన్ని చుక్కతో సహా దించేసి మూడు తెచ్చుకున్నాడు.

సార్ అప్పుడు మారాడు. మారాడనడం కంటే లొంగిపోయాడనడం నిజం.

ఆ సెలవుల్లో కూర్చుని ఒక ఉత్తరం రాశాడు. మాంచెస్టర్‌లో ఉండే మైకేల్ అనే మిత్రుడికి మా ఊరి పండగ గురించి. మైకేల్ అనేవాడు ఎవడూ లేడు. కుమాసీ నుంచి మావయ్య కారులో వచ్చాడు, నేను మూడు కెంకె ముద్దలు తిన్నాను, ఊరి పెద్దగారి ఊరేగింపులో డప్పులు ఆకాశాన్ని తాకాయి, అంతలో వాన పడింది, తొక్కిసలాటలో నా ఎడమ చెప్పు పోయింది, అమ్మ తిట్టింది, అయినా ఆ రోజును జన్మలో మరిచిపోలేను. మూడు పేజీలు. అన్ని కాలాలూ, అన్ని రకాల వాక్యాలూ అందులో ఉండేలా జాగ్రత్తగా కూర్చాడు. ఆ చెప్పు సంగతి మాత్రం కావాలని పెట్టాడు.

"దిద్దేవాడు రోజుకి మూడొందల కాగితాలు చూస్తాడురా," అనేవాడు. "వాడొక్కసారి నవ్వాడనుకో, మనకి రెండు మార్కులు."

ఊరికి అది సార్ ఉత్తరం. తల్లిదండ్రులకు వ్యాకరణం అక్కర్లేదు, ఉత్తరం కావాలి. "మా వాడికి ఉత్తరం వచ్చేసిందా సార్?" అని అడిగేవాళ్ళు, అమ్మవారు వచ్చి తగ్గిందా అన్నట్టు. అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా దాని రాగం తెలుసు. మనవడు మధ్యలో ఆగితే "వాన పడలేదేంరా ఇంకా?" అని గదమాయించేవాళ్ళు. మా దగ్గర ఇలా బట్టీ పట్టే చదువుకి నమిలి కక్కడం అని ఒక పేరుంది. మేము నమిలాం. పరీక్షలో ప్రశ్న ఎప్పుడూ కాస్త పక్కకి పడేది. సంత గురించి రాయమంటే సంతలోకి పండగను లాక్కొచ్చేవాళ్ళం. రోడ్డు ప్రమాదం గురించి రాయమంటే పండగకి వస్తున్న మావయ్య కారును చెట్టుకి గుద్దించేవాళ్ళం. ఏటా ముగ్గురో నలుగురో ఎలాగో గట్టెక్కేవాళ్ళు. నేనూ అలా గట్టెక్కి, సీనియర్ హైస్కూల్లో మొదటి ఏడాదే మునిగి, తిరిగొచ్చి మడుగు మీద గెడ వేసి పడవ నడుపుతున్నాను.

సార్‌కి ఒక కోరిక ఉండేది. పందొమ్మిదేళ్ళలో మా ఊరి ఆడపిల్ల ఒక్కతి కూడా మడుగు అవతలి సీనియర్ హైస్కూల్లో హాస్టలు పెట్టె పట్టుకుని దిగలేదు. ఒక్కదాన్నైనా దాటించాలి. ఆ ఏడు ఆయనకు జిగ్బొది దొరికింది. పద్నాలుగేళ్ళది, అబ్లా అవ్వ మనవరాలు, మాట తక్కువ. లెక్కల్లో, సైన్సులో ఊళ్ళో దాన్ని మించినవాళ్ళు లేరు. ఇంగ్లీషులో ఆరు వచ్చినా చాలు, సీటు ఖాయం.

అబ్లా అవ్వ చేపలు పొగపెట్టి అమ్మేది. ఎండాకాలంలో వచ్చే సన్న చేపల్ని మా వైపు స్కూలు కుర్రాళ్ళు అంటారు. అవి బాగా పడే రోజుల్లో ఆమెకు పిల్ల సాయం కావాలి. సార్ వెళ్ళి అడిగాడు.

"ఈ ఒక్క ఏడాది దాన్ని పొయ్యి దగ్గరికి రానివ్వకవ్వా. నాకొదిలెయ్."

"నీకొదిలితే ఏం చేస్తావయ్యా? నీ స్కూలు కుర్రాళ్ళకంటే నా స్కూలు కుర్రాళ్ళే నయం. నావి కనీసం అమ్ముడుపోతాయి."

"పాసవుద్దవ్వా. మాటిస్తున్నా."

"మగాళ్ళ మాటలు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. సరే, ఈ ఒక్క ఏడాది. అదీ నీ మొహం చూసి."

ఆ ఏడాదంతా జిగ్బొది చేతికి మసి అంటలేదు. పొద్దునా సాయంత్రం ఉత్తరమే.

పరీక్షకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, అవతలి ఒడ్డు నుంచి వచ్చిపోయే హెడ్మాస్టర్ సెవోర్ ఫోను పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. సుఖంగా లావెక్కిన మనిషి, చెడ్డవాడు కాడు. నేను ఆయన సామాను దించడానికి వచ్చి గుమ్మం దగ్గర ఉన్నాను.

"దొట్సే, పరీక్ష ప్రశ్నలు ముందే బయటికొచ్చాయి. అవతల ఊళ్ళ వాళ్ళందరి దగ్గరా ఉన్నాయి. డబ్బిస్తే మనకీ పంపిస్తారంట."

"వద్దండి."

"ఏంటయ్యా వద్దండి? ఊరంతా బట్టలిప్పుకుంటే నువ్వొక్కడివి కోటేసుకుని తిరుగుతావా?"

"మా పిల్లలకి అవసరం లేదు సార్. వాళ్ళకి వచ్చు."

"ఏం వచ్చు?"

దొట్సే సార్ సుద్దముక్క కోసం జేబులు వెతుక్కున్నాడు. సెవోర్ ఫోను మూసేసి, "నీ ఇష్టం, దేవుడు నీలాంటోళ్ళ కోసమే కరువులు పెడతాడు," అని వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నలు మా ఊరికి రాలేదు. ఇది నేను ఒట్టేసి చెప్పగలను. తర్వాత అడిగినవాళ్ళందరికీ చెప్పాను కూడా. ఒట్టుకి మార్కులు లేవు.

ఇంగ్లీషు పరీక్ష రోజున ఆ ఏటి మా పిల్లలు పద్నాలుగు మందినీ అవతలి ఒడ్డున దించి, తిరిగి ఎక్కించుకోవడానికి నేనే వెళ్ళాను. వాళ్ళు పరీక్ష కేంద్రం గేటు దగ్గర్నుంచే పరుగెత్తుకుంటూ వచ్చారు. పడవ తిరగబడేలా దూకారు. దారి పొడుగునా పాట. మా ఒడ్డున సార్ మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వందడుగుల దూరం నుంచే ఎట్సె లేచి నిలబడి అరిచాడు. ఆ పద్నాలుగు మందిలో వాడికే నోటి తీట ఎక్కువ.

"సార్! మైకేల్ వచ్చాడు సార్!"

సార్‌కి ముందు అర్థం కాలేదు. "ఎవడ్రా?"

"మైకేలే! మీ ఊరి పండగ గురించి వేరే దేశంలో ఉన్న స్నేహితుడికి ఉత్తరం రాయండి అన్నాడు సార్! అచ్చం అదే! చెప్పుతో సహా దించేశాం!"

పన్నెండేళ్ళ తర్వాత ప్రశ్న సూటిగా వచ్చింది. సార్ అక్కడే ఒడ్డున ఇసుకలో కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. జిగ్బొది దిగి ఆయన ముందు నిలబడి, "మూడు పేజీలూ రాశాను సార్, ఒక్క కామా కూడా పోలేదు," అంది. ఆ రోజు అబ్లా అవ్వ సార్ ఇంటికి అక్‌ప్లె ముద్ద, బెండకాయ పులుసు, అందులో పీత పంపింది. పీత పంపిందంటే అవ్వ నమ్మిందన్నమాట.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. అన్ని గళ్ళలో అంకెలున్నాయి. జిగ్బొదికి లెక్కల్లో రెండు, సైన్సులో రెండు. ఇంగ్లీషు గడిలో మాత్రం పద్నాలుగు మందికీ అంకె లేదు, నక్షత్రం గుర్తు ఉంది. సెవోర్ కనుక్కొచ్చాడు. ఒకరి కాగితం చూసి ఒకరు రాశారని పరీక్షల బోర్డుకి అనుమానం. విచారణ జరిగేదాకా ఆపారు. ప్రశ్నలు కొనుక్కున్న ఊళ్ళలో ఒక్క నక్షత్రం లేదు. వాళ్ళు దొంగసొమ్మును తలా ఒక రకంగా ఖర్చుపెట్టారు. మావాళ్ళు సొంత సొమ్మును అందరూ ఒకేలా ఖర్చుపెట్టారు.

సెప్టెంబరులో సీనియర్ హైస్కూళ్ళు తెరిచారు. జిగ్బొది పెట్టె సర్ది ఉంది. గుమ్మం పక్కనే ఉంది.

అక్టోబరు చివర్లో బోర్డు మనుషులు ఇద్దరు వచ్చారు. నా పడవలోనే తీసుకొచ్చాను. ఒకామె మిసెస్ లాంప్టే, అక్రా మనిషి, యాభై దాటిన వయసు, చెప్పులు చేత్తో పట్టుకుని భయం లేకుండా కూర్చుంది. రెండోవాడు సంచి మోసే యువకుడు, నీళ్ళు చిమ్మినప్పుడల్లా సంచిని ఒళ్ళోకి లాక్కునేవాడు. పద్నాలుగు మందిని పిలిస్తే పదకొండు మందే వచ్చారు. మిగతావాళ్ళు అప్పటికే పనులకు పోయారు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎవరూ వెళ్ళమనలేదు.

మిసెస్ లాంప్టే పద్నాలుగు జవాబు పత్రాలు బల్ల మీద వరసగా పరిచింది. మా భాష ఆమెకు రాదు. ఇంగ్లీషులోనే అడిగింది, మాట్లాడలేకపోయినా వింటే నాకు అర్థమవుతుంది.

"మిస్టర్ దొట్సే, మీ ఊరి పండగకి జనం బాగా వస్తారా?"

"వస్తారు మేడమ్."

"తొక్కిసలాట ఎక్కువా?"

"కొంచెం ఉంటుంది మేడమ్."

"కొంచెం కాదులెండి. పద్నాలుగు మందికి ఒకే రోజు ఎడమ చెప్పు పోయింది. కుడి చెప్పు ఒక్కటి కూడా పోలేదు."

సంచి కుర్రాడు పకపకా నవ్వాడు. సార్ చెమట తుడుచుకుని, తెచ్చిపెట్టుకున్న పాత నోటు పుస్తకాల కట్ట విప్పాడు. నాలుగేళ్ళ కిందటివి, ఎనిమిదేళ్ళ కిందటివి, చెదలు తిన్నవి. ప్రతి దాంట్లో అదే ఉత్తరం. పిల్లలు కాపీ కొట్టలేదు మేడమ్, నేనే నేర్పాను, ప్రతి ఏడూ నేర్పుతాను, వాళ్ళ తలల్లో ఉంది, అన్నాడు. ఆమె ఒక్కో పుస్తకం తిరగేసింది.

"ఇది ఎన్నేళ్ళ నుంచి?"

"పన్నెండు."

"పన్నెండేళ్ళలో మైకేల్ ఒక్క జవాబైనా రాయలేదా?"

సార్ తల దించుకున్నాడు. ఆమె మొహంలో వెటకారం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

ఆమె సార్‌ని బయట కూర్చోమంది. పిల్లలను దూరదూరంగా కూర్చోబెట్టి నల్లబల్ల మీద కొత్త విషయం రాసింది. మీ బడిలో జరిగిన ఆటల పోటీల గురించి స్నేహితుడికి ఉత్తరం. అరగంట టైము. పిల్లలు నల్లబల్లను చూశారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. జిగ్బొది ముందు మొదలుపెట్టింది. తల ఎత్తకుండా, కొట్టివేత లేకుండా, వేగంగా రాసుకుపోయింది. అంత అందంగా రాస్తుంటే కిటికీ దగ్గర నాకు ఆశ పుట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అరగంట తర్వాత మిసెస్ లాంప్టే కాగితాలు తీసుకుని చదివింది. మొదటి వాక్యంలో ఆటల పోటీలు ఉన్నాయి. రెండో వాక్యంలో కుమాసీ నుంచి మావయ్య వచ్చాడు. మూడు కెంకె ముద్దలు. డప్పులు. వాన. పదకొండు మందివీ అంతే. ఎట్సె ఒక్కడు తెలివి చూపించి, ఈసారి కుడి చెప్పు పోగొట్టాడు.

ఆమె జిగ్బొదిని దగ్గరికి పిలిచి మెల్లగా, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో అడిగింది. "నీ పేరేంటి? ఆ చెప్పు ఎక్కడ పోయింది?"

పేరు చెప్పింది. రెండో దానికి గోడ వైపు చూసింది. తర్వాత, ఏదో ఒకటి చెప్పాలని కాబోలు, చేతులు కట్టుకుని నామవాచకం నిర్వచనం చెప్పింది. పొల్లు పోకుండా చెప్పింది.

మిసెస్ లాంప్టే బయటికొచ్చి సార్ పక్కన బెంచీ మీద కూర్చుంది.

"నేను నమ్ముతున్నాను," అంది ఆమె. "వీళ్ళు ఎవరి కాగితమూ చూడలేదు."

సార్ లేచి నిలబడ్డాడు. "అయితే రిజల్టు ఇచ్చేస్తారా మేడమ్? ఆ పిల్ల సీటు ఇంకా ఉంది. నవంబరు దాకా ఆపుతామన్నారు."

"కూర్చోండి. నా ఫారంలో రెండే గళ్ళున్నాయి. కాపీ కొట్టారు, కొట్టలేదు. కొట్టలేదంటే, వీళ్ళు రాసింది వీళ్ళదే అని నేను సంతకం పెట్టాలి. ఏది వీళ్ళది? మీ పిల్లలకి మూడో గడి కావాలి మిస్టర్ దొట్సే. అది అచ్చు వెయ్యలేదు."

"తప్పు నాది అని రాయండి."

"అదీ రాస్తాను. దానికీ గడి లేదు. చివర్లో ఖాళీ ఉంటుంది, అక్కడ రాస్తాను. అక్కడిది ఎవరూ చదవరు."

ఆమె నిజం చెప్పింది. అవతలి ఒడ్డున దిగేటప్పుడు నాకు థాంక్స్ చెప్పి, "మీ మాస్టారు మంచివాడు," అంది. మంచితనం మా ఊళ్ళో ఉప్పు లాంటిది. నేల గోకితే వస్తుంది, దాంతో కడుపు నిండదు.

నవంబరు వెళ్ళిపోయింది. జనవరిలో కాగితం వచ్చింది. ఇంగ్లీషు ఫలితం రద్దు. విద్యార్థులు కావాలంటే మళ్ళీ జూన్‌లో బయటి అభ్యర్థులుగా రాసుకోవచ్చు. ఫిబ్రవరి మూడో శుక్రవారం లోపు ఫారం ఇవ్వాలి, ఫారం మీద విద్యార్థి సంతకం ఉండాలి. సెవోర్ ఆ కాగితాన్ని స్టాఫ్ రూం గోడకి అంటించి, సార్ భుజం మీద చెయ్యి వేశాడు.

"పక్కూళ్ళోళ్ళు దొంగతనం చేసి దొరలయ్యారు. నువ్వు దొరలా ఉండి దొంగవయ్యావు. ఏం చేస్తాం తమ్ముడూ, ఇంటికెళ్ళి పడుకో."

సార్ పడుకోలేదు. పద్నాలుగు ఫారాలు తెచ్చి, సంచిలో వేసుకుని, ఇల్లిల్లూ తిరిగాడు. ఇద్దరు అబ్బాయిలు కోట్ దివార్ దేశం వైపు చేపల పడవల్లో పోయారు. ఒకమ్మాయి తలుపు తీసింది, చంకలో బిడ్డ ఉంది. ఉల్లి మళ్ళలో ఉన్నవాళ్ళు సార్‌ని చూసి బకెట్లు వదిలి పారిపోయారు, అప్పులవాణ్ణి చూసినట్టు. ఎట్సె ఒక్కడు ఎదురొచ్చి నిలబడ్డాడు.

"సార్, ఈసారి చెప్పు ఏ కాలిది పోవాలో ముందే తలా ఒకటి పంచెయ్యండి."

"పద్నాలుగు మందికి రెండు కాళ్ళే కదరా," అన్నాడు సార్. ఎట్సె నవ్వాడు. సార్ కూడా నవ్వాడు. ఎట్సె మాత్రం సంతకం పెట్టలేదు. లారీ స్టేషన్లో జనాన్ని కేకేసి ఎక్కించే పని దొరికింది వాడికి, గొంతు మంచిది.

మిగిలింది జిగ్బొది. విచారణ అయిన మర్నాడే అబ్లా అవ్వ దాన్ని అవతలి ఒడ్డున వాళ్ళ మేనత్త పొగపొయ్యిల దగ్గరికి పంపేసింది. సార్ వచ్చి అడిగితే అవ్వ తిట్టలేదు. "ఒక ఏడాదిచ్చాను కదయ్యా," అంది అంతే. ఆమె తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది.

గడువు శుక్రవారం. గురువారం మధ్యాహ్నం సార్ నా పడవెక్కాడు.

మేనత్త వాకిట్లో ఆరు మట్టి పొయ్యిలు వరసగా ఉన్నాయి. జిగ్బొది కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మోచేతుల దాకా మసి. సార్‌ని చూసి గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది. మేనత్త మాకు రెండు పీటలు వేసి, "మాట్లాడుకోండి, పై వాయి తిరగేసే లోపల కానిచ్చెయ్యండి," అని అవతలికి పోయింది.

"మళ్ళీ రాయమ్మా," అంటూ సార్ ఫారం దాని ముందు నేల మీద పెట్టి పైన ఒక రాయి ఉంచాడు. "నేను చెప్తాను."

"మళ్ళీ అదే ఉత్తరమా సార్?"

"కాదు. నీది. నువ్వు చెప్పేది."

"నాకేం వచ్చు సార్ చెప్పడానికి?"

"ఏదైనా. ఇదే చెప్పు. ఈ పని ఎట్లా చేస్తావో చెప్పు. మన భాషలో చెప్పు, నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టి చూపిస్తా. ఇట్లాగే నేర్చుకుందాం. నాలుగు నెలలుంది." సంచిలోంచి నోటు పుస్తకం తీసి, కలం మూత తీశాడు.

మాట తక్కువ పిల్ల. మొదట నసిగింది. తర్వాత మొదలుపెట్టింది, ఇక ఆగలేదు.

"ఈ కర్ర వేస్తే చేప నల్లబడిపోద్ది సార్, ఎవరూ కొనరు. చెరుకు పిప్పి వేస్తే బంగారం రంగొస్తది, కానీ పిప్పి తడిగా ఉంటే చేదు పడతది. ముందు మంట, తర్వాత పొగ. తల వైపు లోపలికి పెట్టాలి, తోక వైపు తొందరగా మాడిపోద్ది కదా. కొవ్వు చుక్క నిప్పుల మీద పడతది చూడండి, ఆ చప్పుడు మారితే చేప అయిపోయినట్టే, చూడక్కర్లేదు, చెవితోనే తెలుస్తది. అత్తకి కూడా తెలీదు, నాకు తెలుస్తది. లోమే నుంచి ఒకావిడ వస్తది సార్, లావుపాటిది, చేప పొట్ట నొక్కి, మొహం ఇట్లా పెట్టి, పచ్చిగా ఉందంటది. ఉండదు. రేటు తగ్గించడానికంటది. నేను ఆవిడ నొక్కకముందే నేనే నొక్కి, అయ్యో పచ్చిగా ఉంది మీకొద్దులెండి అని తీసేస్తా. అప్పుడు అదే కావాలంటది!"

ఆ లావుపాటావిడలా మొహం పెట్టి చూపించింది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల నవ్వడం నేను ఆ రోజే చూశాను. చెప్తున్నంతసేపూ చేతులు ముందుకొచ్చేశాయి, మసి సంగతి మరిచిపోయింది.

సార్ రాస్తున్నాడు. ఒక వాక్యం రాశాడు. రెండోది మొదలుపెట్టి ఆపాడు. కొట్టేశాడు. పొయ్యి వైపు చూశాడు, కలం వైపు చూశాడు. చెరుకు పిప్పి దగ్గర ఆగాడు. మంట ముందు, పొగ తర్వాత అన్నచోట ఆగాడు. ఆవిడ మొహం పెట్టడం దగ్గర పూర్తిగా ఆగిపోయాడు. ఆయన దగ్గర పన్నెండు కాలాలున్నాయి, ఎనిమిది భాషాభాగాలున్నాయి. వాటిలో ఎక్కడా ఈ వాకిలి పట్టలేదు. చివరికి మూడు వాక్యాలు పూర్తి చేసి పుస్తకం ఆమె ముందు పెట్టాడు. జిగ్బొది వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. చేప ఉపయోగకరమైన ఆహారము. దానిని పొగలో ఉంచుదురు. పిమ్మట దానిని విక్రయించుదురు.

"ఇది నేను చెప్పింది కాదు కదా సార్."

ఎగతాళిగా అనలేదు. సాయం చేద్దామన్నట్టు అంది. సార్ పుస్తకం వెనక్కి తీసుకుని మళ్ళీ చదువుకున్నాడు.

"కాదు," అన్నాడు.

మేనత్త అవతల్నుంచి కేకేసింది. "ఒసే, వాయి మాడుతోంది!"

జిగ్బొది లేచింది. ఫారం సంతకం లేకుండా నేల మీదే ఉంది. "సార్, మీకు చేపలు కట్టిస్తా, తీసుకెళ్ళండి," అని, పొయ్యి దగ్గరికి పోయి, చెవి వంచి విని, రెండో పొయ్యి మూత తీసింది. ఇక ఇటు తిరగలేదు. సార్ కొంచెంసేపు చూసి, గాలికి ఎగరకుండా ఫారం మీద పెట్టిన రాయి తీసేసి, దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు. చేపల పొట్లం నేనే తీసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో సగం మడుగు దాటాక ఆయన నా వైపు తిరిగాడు.

"ఒరే సెన్యో, నువ్వు పుస్తకాలు చదువుతావు కదా. ఆ కొవ్వు చుక్క నిప్పుల మీద పడి చేసే చప్పుడు ఉంటుంది చూడు, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

నాకు తెలియదు. తెలియదని చెప్పి, గెడ వేశాను.